పిల్లలతో వచ్చినవారికి మాత్రమే

మెట్టుగూడ పార్కులో నీళ్ల ఆటకు టికెట్ లేదు. షరతు మాత్రం ఉంది. వెంట పిల్లలుంటేనే పెద్దవాళ్లను లోపలికి పంపాలి. ఎండాకాలం ఆదివారం పొద్దున తల్లులు తడిసిన పిల్లలతో కూర్చునే చోట ఊసుపోని కుర్రాళ్లకు ఏం పని అని ఎవరో బుద్ధిమంతుడైన ఇంజనీరు పెట్టిన రూలు అది. దాన్ని అమలు చెయ్యడానికి యేసుదాసు అనే వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పిల్ల కనిపిస్తే గేటు తీసేవాడు, కనిపించకపోతే పేపరు చదువుకునేవాడు.

లోపల కొలను లాంటిదేమీ లేదు. నేల మీద బండలు పరిచి, వాటి మధ్య రంధ్రాలు పెట్టారు. మోటారు వేస్తే ఒక్కో రంధ్రంలోంచి నీళ్లు మనిషెత్తు లేస్తాయి. పిల్లలు వాటి మధ్య పరుగెత్తి తడుస్తారు. మునిగే భయం లేదు కాబట్టి పెద్దవాళ్లు బెంచీల మీద నిశ్చింతగా కబుర్లాడుకుంటారు.

కల్యాణ్ ఆ గేటు దాటింది మేనల్లుడు సూర్య పుణ్యమా అని. అతనిది బొబ్బిలి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ మెట్టుగూడలో అక్క దుర్గ ఇంట్లో ఉండేవాడు. బావ వరహాలబాబు రైల్వే ఉద్యోగి. సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతాల గురించి పేపర్లు రోజూ రాస్తున్న రోజులవి. వాళ్ల నిద్ర గురించి ఎవరూ రాసేవారు కాదు. వారమంతా కంపెనీ క్యాబులో కునుకులు తీసే కల్యాణ్, ఆదివారం కూడా పడుకోనివ్వని అక్కను మనసులో తిట్టుకుంటూ సూర్యను నీళ్లలోకి వదిలి బెంచీ మీద కళ్లు మూశాడు.

సూర్య చురుకైనవాడు. ఒక రంధ్రం మీద కూర్చుంటే పక్క రంధ్రంలో నీళ్లు ఇంకా ఎత్తుకు లేస్తాయని కనిపెట్టాడు. ఆ నీళ్లకు అరచెయ్యి అడ్డం పెడితే ఎటు కావాలంటే అటు కొట్టవచ్చని కూడా కనిపెట్టాడు. అటువైపు బెంచీ మీద పసుపు చున్నీ వేసుకున్న అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుతూ ఉంది.

"సర్, గా పోరడు మీ కొడుకేనా?"

కల్యాణ్ కళ్లు తెరిచేసరికి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. కొడుకు కాదనీ, అక్క కొడుకనీ చెప్పాడు.

"ఎవరి కొడుకైతేంది. జెర కండ్లు తెరిచి చూస్కోవాలె గదా. ఫోన్ మొత్తం తడిసింది. కొని నెల గాలే."

"సారీ అండి. నిజంగా చూడలేదు."

"పండుకుంటే ఎట్ల కనబడ్తది?"

ఆమె ఫోన్ విప్పి బ్యాటరీ, సిమ్ము, మూత వేరుచేసి బెంచీ మీద వడియాల్లా ఎండబెట్టింది. అతను పక్కన కూర్చుని ఒక్కొక్కటే తీసి నోటితో ఊదాడు. ఊదితే ఆరదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె వద్దనలేదు.

మరుసటి ఆదివారం సూర్య కంటే ముందు కల్యాణే లేచాడు. దుర్గ వింతగా చూసింది. పార్కులో ఆ అమ్మాయి ఫోన్ బాగానే పనిచేస్తోంది. "ఇయ్యాల మేల్కొనే ఉన్నరే" అని పలకరించింది. పేరు సృజన. బేగంపేటలో ఒక బ్యాంకు కాల్‌సెంటర్‌లో పనిచేస్తుంది. నాయన తుకారాంకు రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం, ఇల్లు దాని పైనే. రోజంతా ముఖం తెలియని మనుషుల చేత తిట్లు తింటాననీ, అందుకే ఎదురుగా దొరికినవాళ్లను వదలననీ నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు కోసం వారంలో ఆరు రోజులు క్యాబులో కూర్చోవచ్చని కల్యాణ్‌కు అనిపించింది.

ఆమె వెంట దేవి అనే చిన్నపిల్ల వచ్చేది. నీళ్లలోకి దిగకుండా కంచె పక్కన వేపకాయలు ఏరుకునేది. పిల్ల ఉందని కల్యాణ్‌కు తెలుసు. అంతకు మించి తెలుసుకోలేదు.

ఇంతలో సెలవులిచ్చారని దుర్గ సూర్యను బొబ్బిలిలో తాతగారి దగ్గరకు పంపింది. ఆ ఆదివారం కల్యాణ్ ఒక్కడే గేటు దగ్గరికి వెళితే యేసుదాసు తల ఎత్తకుండానే "పిల్లలేరి సార్?" అన్నాడు. కల్యాణ్ వెనక్కి తిరిగి, ఇంటి ఓనరు మనవడిని ఐస్‌క్రీమ్ ఆశ చూపి తీసుకొచ్చాడు. తర్వాతి వారం ఆఫీసు స్నేహితుడి కూతురు, ఆ పై వారం వీధి చివరి ఇస్త్రీ బండివాళ్ల అబ్బాయి. వాళ్ల అమ్మలు మంచి కుర్రాడని మెచ్చుకుంటూ టవలు కూడా ఇచ్చి పంపారు. మీ అక్కకు ఎంతమంది పిల్లలని సృజన అడిగింది. మా వీధిలో పిల్లలకు నేనంటే ఇష్టమని కల్యాణ్ బొంకాడు.

బొంకు బయటపడింది ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ల అబ్బాయి వల్ల. వాడు తడి బండ మీద జారి, మోచెయ్యి గీసుకుని, పార్కంతా వినపడేలా ఏడుపు అందుకున్నాడు. సృజన పరుగెత్తి ఎత్తుకుంది.

"వీని పేరేంది?"

వాళ్లమ్మ పిలవగా కల్యాణ్ విన్నాడు గాని గుర్తు లేదు. "బాబు..." అన్నాడు.

"బాబు అని అందరంటరు. పేరు చెప్పుండ్రి."

తన పేరు హరికిషన్ అనీ, ఐస్‌క్రీమ్ ఇంకా కొనివ్వలేదనీ ఎక్కిళ్ల మధ్య ఆ అబ్బాయే చెప్పాడు. సృజన వాడి చెయ్యి కడిగి, కర్చీఫు కట్టి, అప్పుడు కల్యాణ్ వైపు తిరిగింది. ఇక దాచి లాభం లేదనుకుని అతను ఉన్నమాట చెప్పేశాడు. ఆమెను చూడాలని వచ్చాననీ, పిల్లలు లేకపోతే రానివ్వరనీ అన్నాడు. ఇంకో రోజు చెబితే ఆ మాటకు ఆమె సిగ్గుపడేదేమో.

"నన్ను చూడనీకి వచ్చినోళ్లు మస్తుమంది ఉన్నరు" అంది సృజన. గొంతు పెంచలేదు. "అందరు నన్ను చూసి సరే అంటరు, దేవిని చూసి లేచిపోతరు. నువ్వు పిల్లలంటే పాణమిస్తవనుకున్న. గేట్ పాస్ లెక్క వాడుకుంటున్నవని తెల్వదు. నా పక్కనే ఒక పిల్ల ఉన్నది. అది నీళ్లల్లకు ఎందుకు పోదో ఎప్పుడన్న అడిగినవా?"

అడగలేదు. ఆ రోజు హరికిషన్‌ను ఇంటికి చేర్చి, ఐస్‌క్రీమ్ కొనిచ్చి, వాళ్లమ్మ చేత నాలుగు చీవాట్లు తిని, కల్యాణ్ గేటు దగ్గరికే తిరిగి వచ్చాడు. మిగతాది, వాళ్లింటి సంగతులు తెలిసిన యేసుదాసు చెప్పాడు. దేవి సృజన అక్క కూతురు. అక్క పురిటిలోనే పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని నిజామాబాదులో ఉంటున్నాడు. సృజనకు వచ్చిన సంబంధాలన్నీ ఆ పిల్ల దగ్గరే ఆగిపోయాయి. పిల్లను వదిలి రమ్మంటే ఆమె రానంటుంది. కల్యాణ్‌కు తన మీద తనకే రోత పుట్టింది.

మళ్లీ ఆదివారం అతను ఎవరి పిల్లనూ తేలేదు. గేటు వైపు వెళ్లకుండా కంచె బయట, రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాడు. లోపల దేవి వేపకాయలు ఏరుకుంటూ అక్కడికి వచ్చింది.

"నీ పిల్లలేరి?" అని అడిగింది.

"నాకు లేరు."

"మరెందుకొచ్చినవ్?"

"నువ్వు నీళ్లలోకి ఎందుకు వెళ్లవో అడుగుదామని."

దేవి అతన్ని పరీక్షగా చూసింది. "వాన పడ్తే పైనుంచి కనబడ్తది. ఈ నీళ్లు కిందికెల్లి వస్తయి. ఎప్పుడొస్తయో చెప్పవు" అంది.

తప్పు లేని మాట. ఏది ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో చూసి రాయడమే కల్యాణ్ ఉద్యోగం. ఆ పొద్దంతా కంచెకు ముఖం ఆనించి నీళ్లను చూశాడు. ఇటుక ముక్కతో గట్టు మీద గీతలు గీశాడు. ఏ మూల ముందు లేస్తుందో, తర్వాత ఏది లేస్తుందో, మధ్యది ఎంతసేపు ఆగుతుందో కనుక్కున్నాడు. చివరికి ధీమాగా దేవిని ఒక బండ మీదికి పంపించాడు. సరిగ్గా ఆ బండ పక్కనే నీళ్లు లేచి పిల్ల ముఖం మీద కొట్టాయి. ఏదో పిల్లవాడు ఇంకో రంధ్రం మీద కూర్చున్నాడు. ఆ లెక్క కల్యాణ్ వెయ్యలేదు.

దేవి ఏడ్చింది. సృజన వచ్చి, అతన్ని ఒక చూపు చూసి, పిల్లను తీసుకుపోయింది. ఆ వారం కల్యాణ్ ఆఫీసులో ఏ పనీ సరిగా చెయ్యలేదు.

కానీ మళ్లీ ఆదివారం దేవి తనంతట తనే కంచె దగ్గరికి వచ్చి, "ఈసారి మంచిగ చూసి చెప్పు" అంది. అతను చెప్పాడు. ఇప్పుడు ఆ మూల, ఇప్పుడు మధ్యది, ఇప్పుడు ఆగు, ఇప్పుడు నడువు. దేవి ముందు కాలు పెట్టింది, తర్వాత చెయ్యి పెట్టింది. కొన్ని ఆదివారాలు గడిచేసరికి మధ్యలో నిలబడి గొంతు చించుకుని నవ్వింది. అంతలో తొలకరి చినుకులు మొదలయ్యాయి. పైనుంచీ కింది నుంచీ నీళ్లు వస్తుంటే ఎటు చూడాలో తెలియక ఆ పిల్ల గిరగిరా తిరిగింది.

తల్లులందరూ షెడ్డు కిందికి పరుగెత్తారు. సృజన మాత్రం చున్నీ తల మీద కప్పుకుని కంచె దగ్గరికి వచ్చింది.

"లోపటికి రావాలని లేదా?"

"ఉంది. కానీ వరస ఇక్కడి నుంచే బాగా కనిపిస్తుందండి."

"తడుస్తున్నరు."

"మీరూ తడుస్తున్నారు."

ఆమె తడిసిన చున్నీ కొస పిండుకుంది. తర్వాత, మా నాయనను అడగమంది. దేవి తనతోనే వస్తుందని కూడా చెప్పింది. తెలుసన్నాడు కల్యాణ్.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. పెళ్లవకముందే ఐదేళ్ల కూతురేటిరా అని దుర్గ నెత్తి కొట్టుకుంది. బొబ్బిలిలో అమ్మానాన్నలు దుర్గ ఊ అంటే మేం ఊ అన్నట్టే అనేసి తప్పుకున్నారు. వరహాలబాబు అటూ ఇటూ కాకుండా తల ఊపాడు. చివరికి అమ్మాయిని చూసి వద్దామని మాత్రం దుర్గ ఒప్పుకుంది. సంబంధం ఖాయం కాకముందు అమ్మాయి వాళ్లింట్లో ఏదీ నోట పెట్టకూడదని, పెడితే మాట ఇచ్చినట్టేనని బొబ్బిలి వాళ్లింటి ఆచారం. తిండి దగ్గర మొగుడి మీద నమ్మకం లేక దుర్గ ఆటోలో అతనికి ఆ సంగతి మళ్లీ మళ్లీ గుర్తుచేసింది.

తుకారాం మర్యాద తెలిసిన మనిషి. చాపల మీద దుప్పట్లు పరిపించాడు. భార్య బుచ్చమ్మ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. సృజన తలుపు దగ్గర నిలబడింది. దేవిని వంటింట్లోంచి రావద్దని చెప్పి కూర్చోబెట్టారు. తుకారాం గొంతు సవరించుకున్నాడు. వచ్చిన సంబంధాలన్నీ పోగొట్టుకున్న తండ్రి ఈసారి ముందే అడ్డు తీసేద్దామనుకున్నాడు.

"పిల్ల గురించి మీరు ఫికర్ చెయ్యకుండ్రి. అది మా దగ్గర్నే ఉంటది. మా ముసల్ది సూస్కుంటది. మీకేం తక్లీఫ్ ఉండది."

దుర్గ ముఖం వికసించింది. తలుపు దగ్గర సృజన తల దించుకుంది. నాయనను నలుగురిలో కాదనలేక పంటి బిగువున నిలబడింది. అందరికీ వీలైన మాటే అది. ఊ అంటే ఆ సాయంత్రమే తాంబూలాలు మార్చుకోవచ్చు.

"అలాగైతే మేం వెళ్లొస్తామండి" అన్నాడు కల్యాణ్. "దేవిని వదిలి వచ్చే సృజన నాకు తెలీదు. నేను ఇద్దర్నీ అడగడానికొచ్చాను."

తుకారాం కూతురి వైపు చూశాడు. దుర్గ చీర కొంగు సర్దుకుని లేవబోయింది. తమ్ముడిని ఇంటికి తీసుకెళ్లి మాట్లాడవలసింది చాలా ఉందని ఆమె ముఖమే చెబుతోంది. అప్పుడు వంటింట్లోంచి దేవి వచ్చింది. ఎవరూ పిలవలేదు. చుట్టాలు ఏమీ తినలేదని చూసి, పళ్లెం రెండు చేతులతో ఎత్తుకుని దుర్గ ముందు నిలబడింది.

"నువ్వు సూర్య వాళ్లమ్మవా? నీళ్లు పక్కకు కొట్టుడు వాడే అందరికంటే మంచిగ కొడ్తడు."

కొడుకును మెచ్చుకున్న పిల్లను చూసి ఏ తల్లి మాత్రం ముఖం ముడుచుకుంటుంది. బొబ్బిలి పంపినప్పటి నుంచీ దుర్గకు వాడి మీద బెంగగా కూడా ఉంది. వాడు నీతో కూడా ఆడాడా అంటూ బిస్కట్టు తీసుకుంది, అలవాటు ప్రకారం చాయ్‌లో ముంచింది, కొరికింది, నమిలింది.

గదిలో ఉత్తరాంధ్ర వాళ్లు ముగ్గురూ నిశ్చేష్టులయ్యారు. అందులో దుర్గ కూడా ఉంది.

"దుర్గా, ఏటి తిన్నావో చూసుకున్నావా?" అన్నాడు వరహాలబాబు నెమ్మదిగా. అంటూనే తనూ ఒకటి తీసుకున్నాడు.

దుర్గ చేతిలో మిగిలిన సగం ముక్క వైపు చూసింది. ఎదురుగా ఖాళీ అవుతున్న పళ్లాన్ని చూసి మురిసిపోతున్న పిల్లను చూసింది. తర్వాత తమ్ముడిని చూసింది. చిన్నప్పుడు బొబ్బిలి వీధిలో దెబ్బ తగిలినా ఏడవకుండా నిలబడేవాడు. ఇప్పుడూ అలాగే ఉన్నాడు. ఆమె మిగతా ముక్క కూడా నోట్లో వేసుకుంది.

"నోట పెట్టేసేక ఇంకేటంటాను బాబూ. ఇద్దర్నీ పంపండి" అంది తుకారాంతో.

ఆచారం సంగతి వరహాలబాబు విడమర్చి చెప్పాక గాని తుకారాంకు అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, చెమట అని చెప్పాడు. బుచ్చమ్మ అలాంటివేమీ చెప్పకుండా ఏడ్చింది. పెద్దవాళ్లు ముహూర్తాల మాటల్లో పడగానే సృజన కల్యాణ్ పక్కకు వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవుల మీద నవ్వు ఉంది.

"వచ్చే ఆదివారం దేవిని నువ్వే తోల్కపో" అంది మెల్లగా. "ఐదేండ్లసంది పొద్దెక్కేదాక పండుకోలే నేను."