రెండు గళ్ల మధ్య నాన్న

మరికినా పట్నంలో వాన మూడు రోజులుగా వదలకుండా పడుతోంది. ఆ ఉదయం రెమెడియోస్ రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లి వేసి వేయిస్తూ, మధ్యమధ్య గరిటె ఆపి వింటోంది. నది సందు చివర ఉంది. ఇంట్లోంచి కనబడదు, వినబడుతుంది. ఆవేళ దాని చప్పుడు మారింది.

"ముందు తిను. చల్లారితే ఆ ఎండుచేప నోట పెట్టలేవు."

"ఇంకొక్క గడి అమ్మా," అంది మారికార్ గీస్తున్న బొమ్మ మీంచి తలెత్తకుండానే.

మారికార్‌కి ఇరవై నాలుగేళ్లు. కథ తనే రాసుకుని, బొమ్మలు తనే గీసుకుని, జిరాక్స్ తీయించి, పిన్నులు కూడా తనే కొట్టి అమ్ముకునే కామిక్ కళాకారిణి. శనివారం కామిక్ సంతలో కొత్త పుస్తకం పెట్టాలి. అది వాళ్ల నాన్న కథ.

పంతొమ్మిదేళ్ల కిందట ఇలాంటి వానలోనే, చెప్పులు కుట్టే నాన్న ఫెర్మిన్, తన భార్యనూ ఐదేళ్ల కూతుర్నీ పక్కింటి కప్పు ఎక్కించి, కుట్టుమిషను కోసం మళ్లీ ఇంట్లోకి వెళ్లాడు. తిరిగి రాలేదు. రెమెడియోస్ చెప్పిన కథ అంతే. మారికార్‌కి గుర్తున్నవి రెండే బొమ్మలు. నిచ్చెన దిగుతున్న నాన్న వీపు. ఆ తర్వాత ఉత్త మట్టినీళ్లు.

"కామిక్‌కి ప్రాణం బొమ్మల గళ్లలో ఉండదు, గడికీ గడికీ మధ్య ఉన్న తెల్లటి ఖాళీలో ఉంటుంది. దాన్ని చదివేవాడే నింపుకుంటాడు," అని స్నేహితులతో అనేది మారికార్. ఈ పుస్తకంలో మాత్రం ఆ ఖాళీని తనే నింపింది, కోపంతో. మిషనుకి పళ్లు గీసింది. నాన్న కళ్లలో దాని మెరుపు పెట్టింది. తల్లికి ఒక్క పేజీ కూడా చూపించలేదు.

వరదొస్తే నది ఒడ్డున సైరన్లు మూడుసార్లు మోగుతాయి. మొదటిది సర్దుకోమని. రెండోది కదలమని. మూడోది మోగితే ఇక దేనికోసమూ వెతకొద్దని. మొదటిది తెల్లవారుతుండగానే మోగింది. రెండోదానితో పాటే పక్కింటి ఛారింగ్ తడిసిన గొడుగుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకా వంటేనా రెమీ? బడి మేడకి పద, అందరం పోతున్నాం." అని మారికార్ వైపు తిరిగింది. "నీ పుస్తకం గీసినంతవరకూ చూశానే అమ్మాయ్. మా పిల్ల పనిచేసేది జిరాక్స్ షాపులోనే కదా! ఎంత బొమ్మే అయినా, కన్నతండ్రిని అంత పిసినారి దెయ్యంలా గీస్తారటే?"

గరిటె చప్పుడు ఆగిపోయింది. ఛారింగ్ నాలుక కరుచుకుని, "నేను ముందు పోతున్నా, మీరూ రండి," అంటూ జారుకుంది.

రెమెడియోస్ చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. మిషను బొమ్మ దగ్గర ఆగింది.

"ఎవరీయన?"

"నాన్న."

"ఈయన మీ నాన్న కాదు."

"నువ్వు చెప్పిందేగా గీశాను! మనల్ని కప్పు మీద వదిలేసి ఇనుపముక్క కోసం పోయాడని చెప్పింది ఎవరు?"

"పోయాడన్నాను. ఇలా చూశాడన్నానా?"

"మరెలా చూశాడో చెప్పు! ఎప్పుడడిగినా పొయ్యి వైపు తిరిగిపోతావు. నువ్వు చెప్పకపోతే నాకు తోచిందే గీస్తాను. శనివారం వందమంది ఇదే చదువుతారు."

అప్పుడే తలుపు కిందనుంచి నీళ్లు నాలుకలా లోపలికి జారాయి.

ఇక మాటల్లేవు. బియ్యం సంచి, మందులు, ఇంటి కాగితాలు దొరికినంత చంకన పెట్టుకుని ఇద్దరూ సందులో పడ్డారు. నీళ్లు పిక్కలు దాటి మోకాళ్లకి చేరాయి. ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ వాళ్లని దాటి తేలిపోయింది. సందు మలుపు దగ్గర మారికార్ తన భుజం సంచి తడుముకుని ఠక్కున ఆగింది. సిరా సీసాలున్నాయి. పేజీలు లేవు.

మూడో సైరన్ మోగింది.

"అమ్మా, నువ్వు నడు. మోకాళ్ల దాకానేగా, ఇట్టే వచ్చేస్తా."

రెమెడియోస్ చేతిలోని బియ్యం సంచి నీళ్లలో పడిపోయింది. రెండు చేతులతో కూతురి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి మారికార్ ఎముక నొప్పెట్టింది.

"ఆ మాట అనకు! ఆయనా అదే అన్నాడు. అచ్చం అదే!"

"అమ్మా, వదులు..."

"మిషను కోసం పోలేదే! నీ పుస్తకాల కోసం పోయాడు. రోజూ నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివేవాడు చూడు, ఆ పాత కామిక్కుల సంచి కోసం. కప్పు మీద వాటికోసం నువ్వు గుక్కపట్టి ఏడ్చావు. నా వల్ల కాలేదు. నేనే... నేనే అన్నాను, 'తెచ్చి దాని మొహాన పడెయ్యవయ్యా, ఏడుపు ఆపుతుంది' అని. ఆయన నవ్వాడు. నవ్వుతూనే దిగాడు."

నీళ్లు తొడల మీదికి ఎగబాకుతున్నాయి. వెనక తమ సందులో ఏదో గోడ పెద్ద చప్పుడుతో కూలింది. తల్లి లాగితే లాగినట్టు నడిచింది మారికార్.

బడి మేడ మీద గదిలో అట్టపెట్టెలు పరిచి కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి కిందికి చూస్తే ఇళ్ల కప్పులు మాత్రమే ఉన్నాయి. ఎవరో ఇచ్చిన గంజిని రెమెడియోస్ ముట్టలేదు.

"ఇన్నేళ్లూ ఎందుకు దాచావు?" అని అడిగింది మారికార్.

"నీకు ఐదేళ్లు. నీ వల్లే అనుకుంటావని మొదట భయపడ్డాను. ఆ తర్వాత..." రెమెడియోస్ తడిసిన భుజాన్ని తువ్వాలుతో కప్పుకుంది. "ఆ తర్వాత భయం నీ గురించి కాదు. పంపింది నేనని తెలిస్తే నన్నెలా చూస్తావో అని. పోయినవాడి మీద నింద వేయడం తేలికే, వచ్చి అడగడుగా. నువ్వు పెన్సిల్ పట్టుకున్న రోజు మాత్రం ఆయనే వచ్చి అడిగినట్టయింది. అందుకే గీసుకోడానికి కాగితాలు కావాలంటే ఏనాడూ లేదనలేదు."

"నేనేమో ఆయన్ని దెయ్యాన్ని చేశాను."

"చేసింది నేను. నువ్వు గీశావు, అంతే."

మారికార్ తల్లి ఒళ్లో మొహం దాచుకుని, ఐదేళ్ల పిల్ల ఏడ్చినట్టే ఏడ్చింది. రెమెడియోస్ ఆమె తడిజుట్టు చిక్కులు తీస్తూ తనూ ఏడ్చింది. చాలాసేపటికి మారికార్ లేచి, బడికి చేరినవాళ్ల పేర్లు రాసుకునేవాళ్ల దగ్గర ఒక ఖాళీ కాగితం, పెన్సిలూ అడిగి తెచ్చుకుంది. నిచ్చెన గీసింది. నిచ్చెన మీద నవ్వుతున్న మనిషిని గీసింది. కప్పు మీద చిన్నపిల్లని గీసి పెన్సిల్ ఆపింది.

రెమెడియోస్ చూసి, ఆ పిల్ల పక్కన వేలు పెట్టింది.

"ఇక్కడ నేనుండాలి. నోరు తెరుచుకుని. ఏమన్నానో అదంతా రాయి."

"అమ్మా, అందరూ చదువుతారు."

"చదవనీ," అంది రెమెడియోస్. "నన్ను గీయి."