ఎనిమిది చుక్కలు

మా అక్కావాళ్ళ హాల్లో, అందరిళ్ళలో టీవీ ఉండే చోట, నాలుగడుగుల గాజు తొట్టి ఉండేది. ఉప్పునీళ్ళు, నీళ్ళలో రాళ్ళు, రాళ్ళమీద పగడాలు. చేపలు రెండే రెండు. "అవి అద్దెకున్నవాళ్ళు. ఇల్లుగలవాళ్ళు పగడాలే," అనేది అక్క.

అక్క ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. పొద్దంతా మనుషుల రక్తంతో కుస్తీ, ఇంటికొచ్చాక తొట్టి నీళ్ళతో కుస్తీ. చిన్న గాజుసీసాలో కాసిని తొట్టినీళ్ళు తీసుకుని అందులో మందు చుక్కచుక్కగా వేసేది. మొదటి చుక్కకే నీళ్ళు నీలంగా మారేవి. ఆ నీలం పోయి పసుపు తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే నీళ్ళలో క్షారం అంత ఉన్నట్టు. ఎనిమిది రావాలి. ఏడొస్తే అక్క ముఖం చిన్నబోయేది. ఆరొస్తే ఆ పూట బావ ఆకలి సంగతి ఎవరికీ పట్టేది కాదు.

"ఎందుకక్కా ఇంత హైరానా?" అని అడిగానోసారి.

"ఇవి నీళ్ళలోంచి ఎముకలు కట్టుకుంటాయే. కాల్షియం, క్షారం లాక్కుని రోజుకింత కట్టుకుంటాయి. మనం పోయకపోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాయి, పాపం?"

అందుకని తొట్టి పక్కన రెండు సీసాలుండేవి. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం, కొలిచి పోయాలి. రెండూ ఒక్కసారే పోస్తే ఒకదాన్నొకటి పట్టుకుని సున్నంలా విరిగిపోతాయి. "తగ్గితే కంగారుపడకు. ఒక్కసారిగా మాత్రం పెంచకు. మెల్లగా, రోజుకింత," అని ఆపరేషన్‌కి వెళ్ళే ముందురోజు నాకు పదిసార్లు చెప్పింది అక్క. బావ ఆసుపత్రిలో ఆవిడ పక్కన ఉండాలి కాబట్టి తొట్టి బాధ్యత నాది. వాళ్ళిల్లు మా ఇంటికి మూడు వీధుల అవతల.

నేను రెండురోజులు బుద్ధిగానే చేశాను. మూడోరోజు నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో పని ఎక్కువై ఆలస్యమైంది, వెళ్ళలేదు. నాలుగోరోజు ఏ పనీ లేదు. అయినా వెళ్ళలేదు. చిన్నప్పట్నుంచీ అక్క చెప్పడం, నేను చెయ్యడం. ఆఖరికి రాళ్ళకి కూడా సేవ చెయ్యాలా అని ఒళ్ళు మండింది. అంతే, ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. ఉంటే బాగుండును.

సాయంత్రం ఏడింటికి ఠంచనుగా అక్క ఫోను వచ్చేది. నీరసంగా, గుసగుసగా అడిగేది.

"ఎన్నొచ్చాయే?"

మా ఇంట్లో మంచమ్మీద పడుకుని చెప్పేదాన్ని. "ఎనిమిదక్కా."

అలా వెళ్ళకుండా తొమ్మిదిరోజులు. పదోరోజు బావ ఫోన్ చేసి, సోమవారం ఇంటికి పంపించేస్తున్నారని సంతోషంగా చెప్పాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళి చుక్కలు వేశాను. నాలుగో చుక్కకే నీళ్ళు పచ్చబడ్డాయి. పగడాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. అప్పుడు నేను చేసిన పని... రెండు సీసాలూ చెరో చేత్తో పట్టుకుని ఒక్కసారిగా తొట్టిలో గుమ్మరించాను.

నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చేపలు కనబడలేదు, రాళ్ళు కనబడలేదు. పొద్దున్నకి ఆ తెలుపు అడుక్కి దిగింది. పగడాల ఒంటిమీది కండ పేలికలు పేలికలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. ఇల్లంతా కుళ్ళిన గుడ్డు వాసన. ఆ కంపులో నిలబడి ఉండగానే అక్క ఫోను. "ఒక్క ఫోటో పెట్టవే, చూడాలనుంది."

ఫోన్లో ఎప్పటిదో పాత ఫోటో ఉంటే పంపించాను.

కాసేపటికి అక్క అంది, "ఊదారంగు పగడం కొమ్మ పెరిగిందే... బాగా చూసుకున్నావు."

నాతో అవే ఆఖరి మాటలు. మర్నాడు తెల్లవారుజామున ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి అక్క పోయింది.

చుట్టాలొచ్చి తొట్టి చూసి నోరు నొక్కుకున్నారు. "ఆవిడ పోగానే ఇవీ పోయాయా?" అని ఎవరో అడిగారు. నేను తలూపాను. ఒక్కసారి ఊపినందుకు అదే కథైపోయింది. మూగజీవాలకి ఎంత ప్రేమో చూడండి అని పెద్దమ్మలూ పిన్నులూ ఏడ్చారు. నన్ను దగ్గరకు తీసుకుని, "నువ్వు మాత్రం ఎంత చేశావమ్మా," అన్నారు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఎలాగో బతికిన చేపల్ని అక్వేరియం దుకాణం ఆయన పట్టుకెళ్ళాడు. తొట్టి మాత్రం బావ తియ్యనివ్వలేదు. "ఆ మోటారు చప్పుడు ఆగితే నాకు నిద్రపట్టదు," అన్నాడు. నేను నీళ్ళు మార్చి, రాళ్ళు కడిగి, కొలతలన్నీ సరిచేశాను. చచ్చినవాటికి వైద్యం. అయినా రోజూ పని నుంచి వస్తూ ఆగి చుక్కలు వేసేదాన్ని. అక్కకి చెయ్యనిది ఇప్పుడైనా చేద్దామని.

ఎనిమిది. మర్నాడు ఎనిమిది. ఆ తర్వాత ఏడు.

అనుమానమొచ్చి మళ్ళీ వేశాను. ఏడే. సీసాలోది కొలిచి పోశాను. ఎనిమిదికి తెచ్చాను. రెండ్రోజుల్లో ఆరైంది. కాల్షియం చూస్తే అదీ తగ్గుతోంది.

దుకాణం ఆయన్ని అడిగితే నవ్వేశాడు. "పరీక్ష మందు పాతబడుంటుందమ్మా. పాత మందు, పాత మొగుడు ఒకటే, ఏం చెప్పినా నమ్మకూడదు." కొత్తది కొన్నాను. అదీ ఆరే చూపించింది. ఆయన నవ్వు తగ్గించాడు.

"తొట్టిలో ఏమీ లేదంటున్నావు?"

"ఏమీ లేదండీ. ఉత్త రాళ్ళు."

"రెండూ కలిసి తగ్గుతున్నాయంటే ఏదో కట్టుకుంటోందమ్మా. రాళ్ళ వెనక ఓసారి చూడు."

నేను చూడలేదు. భయమేసింది. కానీ పొయ్యడం మానలేదు. రోజుకి ఒక మూతతో సరిపోయేది రెండైంది, నాలుగైంది. అక్క బతికుండగా నిండు తొట్టి తాగినదానికంటే ఎక్కువ తాగుతోందది. ఒక్కరోజు కూడా మానలేదు నేను. మానితే మళ్ళీ చంపినట్టవుతుందనిపించేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్ద వాన. పట్టపగలే చీకటి కమ్మింది. ప్రింటింగ్ ప్రెస్‌లో రాత్రి డ్యూటీ చేసొచ్చి బావ లోపలి గదిలో పడుకున్నాడు. నేను తొట్టి ముందు స్టూలేసుకుని గాజుసీసాలో నీళ్ళు తీసుకున్నాను. అప్పుడే కరెంటు పోయింది.

మోటారు ఆగింది.

ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. వాన కూడా దూరంగా, వేరే వీధిలో కురుస్తున్నట్టుంది. తొట్టి నల్లటి గోడలా ఉంది. ఉప్పు వాసనలో ఏదో ఘాటు... స్పిరిట్ వాసన. ల్యాబునుంచి వచ్చినప్పుడు అక్క చేతులు అలాగే వాసన వేసేవి.

కిటికీ వెలుతురులో చుక్క వేశాను. నీలం.

టిక్.

గాజుని లోపల్నుంచి గోటితో తట్టినట్టు...

రెండో చుక్క. టిక్. మూడు. టిక్. ఆపాలనుకున్నాను. చుక్క దానంతటదే జారింది.

నాలుగు.

నీళ్ళు పచ్చబడ్డాయి.

"ఎన్నొచ్చాయే?"

గుసగుస. నీరసంగా... తొట్టిలోంచో, వెనకనుంచో, నా తలలోంచో తెలియదు. నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తొమ్మిదిరోజుల అలవాటు. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"ఎనిమిదక్కా."

టిక్ టిక్ టిక్ టిక్...

ఫోన్ టార్చి వేసి రాళ్ళ వెనక్కి పట్టాను. వెనక గాజుకి అతుక్కుని తెల్లగా ఒకటుంది. గవ్వ అనుకున్నాను. కాదు. మడతలు... గుంట... తమ్మె.

చెవి. మనిషి చెవి. నావైపే తిరిగి ఉంది.

కూలబడి గాజుకి నుదురానించి చెప్పేశాను. "నాలుగక్కా... నాలుగే. నేను రాలేదు. తొమ్మిదిరోజులు రాలేదు. రెండూ ఒక్కసారే పోసేశాను. ఫోటో పాతది. అన్నీ చచ్చిపోయాయి, నువ్వు పోకముందే... నేనే..."

టిక్కులు ఆగిపోయాయి.

వెనకనుంచి బావ గొంతు. "మీ అక్కకి తెలుసు."

గదిగుమ్మంలో నిలబడున్నాడు. ఎప్పట్నుంచి వింటున్నాడో.

"ఆ ఫోటో చూసినరోజే చెప్పింది నాతో. చెల్లి గొంతు బావోలేదు, తొట్టి పోయుంటుంది, దాన్నేమీ అనకండి అంది. అందుకే నేనూ అడగలేదు."

ఆయన నన్ను కొట్టినా తిట్టినా తట్టుకునేదాన్నేమో. పెరిగిందే అని అక్క అన్న ఆ ఒక్కమాట అన్నిరోజులూ నన్ను కోసింది. తెలిసే అందని వినేసరికి ఏడుపు కూడా రాలేదు.

బావ టార్చి వెలుగు పడినచోటు చూశాడు. మెల్లగా వచ్చి నా పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతిలోంచి ఫోను తీసుకుని ఇంకాస్త కిందికి పట్టాడు.

చెవికి బెత్తెడు కింద, గాజుమీద, బియ్యపుగింజల్లా నాలుగు తెల్లటి మొనలు. వరసగా. పళ్ళు.

"ఇప్పటిదాకా వినడానికే కట్టుకుంది," అన్నాడు బావ. ఆ గొంతులో భయం లేదు. అదే నాకు భయమేసింది.

"బావా, వద్దు... నీళ్ళు తీసేద్దాం."

"ష్. వింటోంది."

లేచి సీసా అందుకుని, ఎత్తి వెలుతురుకి పట్టి కొలిచి, వణక్కుండా పోశాడు. మెల్లగా. అక్క పోసినట్టే.

ఇప్పుడు తొట్టిపని అంతా ఆయనే చూసుకుంటున్నాడు. ప్రెస్‌కి సెలవు పెట్టాడు. రోజూ ఫోన్ చేసి పళ్ళెన్నో చెబుతాడు. నిన్నటికి పద్నాలుగు. కింది పెదవి అంచు కూడా మొదలైందట. "మీ అక్క ముందు నీతోనే మాట్లాడుతుందే," అంటాడు. ఆయన గొంతులో ఇన్నాళ్ళకి కాస్త ప్రాణం వచ్చింది. అందుకే ఒక్క సంగతి చెప్పలేక మళ్ళీ నోరు మూసుకున్నాను.

ఆరోజు టార్చి వెలుగులో ఆ చెవిని నేను ఆయనకంటే దగ్గరగా చూశాను. అక్కకి ఏడాది నిండకముందే చెవులు కుట్టించారు. ఇన్నేళ్ళ కమ్మల బరువుకి ఆ రంధ్రాలు సాగిపోయి ఉండేవి.

ఈ చెవి తమ్మె నున్నగా ఉంది. ఎక్కడా కుట్టు లేదు.