దూలపల్లి షెడ్డులో ఎర్ర చుక్క

తోటి ఏజెంట్ జైపాల్‌ను చంపింది శోభారాణి. ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌కు తెలిసేసరికి దసరా పొద్దెక్కింది. ఏజెంట్ గిడియోన్‌కు మిగిలింది నలభై నిమిషాలు.

"ఆమె మన ఏజెంటే కద సార్," అన్నాడు గిడియోన్ దూలపల్లి షెడ్డు వెనక నక్కి, ఫోన్‌లో.

"మన దగ్గర జీతం, డ్రోన్ల ముఠా దగ్గర ఇనాం," అన్నాడు చీఫ్ వెంకటనర్సయ్య. "పదకొండుకు పన్నెండు బాంబు డ్రోన్లు లేస్తయి. టార్గెట్ మేడ్చల్ ఆయిల్ డిపో. ముందే రెయిడ్ చేస్తే వాటంతటవే లేస్తయి. వాటిని ఆపుడు కుదరదు, దారి తప్పించుడే."

డిపో గోడకు ఆనుకునే గిడియోన్ ఇల్లు. ఇంట్లో, ఏ ఆదివారమూ చర్చి తప్పని తల్లి కృపమ్మ ఒక్కతే ఉంది. ఆమెను లేచి పొమ్మందామన్నా, మాట బయటపడితే ముఠా ముందే బటన్ నొక్కేస్తుంది.

పది రోజులుగా అతను ఆ షెడ్డులో నేల ఊడ్చే కూలీ లింగం. లోపల ఇంకో ఏజెంటున్నాడని డిపార్ట్‌మెంట్ శోభారాణికి చెప్పలేదు. ముఠా తెలివిని మాత్రం మెచ్చుకోవాలి. వాళ్ళ కంట్రోల్ ప్యానెల్ ఉత్త బల్ల. దాని మీద తిప్పే నాబ్‌లు ఏ రోజువి ఆ రోజు త్రీడీ ప్రింటర్‌లో తీసి, కొత్త వరసలో పేరుస్తారు. వైర్లుండవు. పైనున్న కెమెరా నాబ్ మీది ఎర్ర చుక్క ఎటు తిరిగిందో చూసి డ్రోన్లకు చెబుతుంది. పనయ్యాక ముక్కలు కరిగిస్తే సాక్ష్యం సున్నా. ఒక్కటే లోపం: రెండు చుక్కలుంటే కెమెరా పెద్దదాన్నే నమ్ముతుంది.

పదీ నలభైకి మేస్త్రీ మల్లేష్ కుంకుమ పళ్ళెంతో శోభారాణి దగ్గరికి వచ్చాడు. "మేడం, ఆయుధపూజ. మిషిన్లకు బొట్లు వెట్టాలె."

"నో," అన్నాడు ముఠా విదేశీ నాయకుడు మార్కో.

"అయితే ఇగ గేటు కాడ కూసుంటం. బొట్టు లేని మిషిన్ మా వోళ్ళు ముట్టరు."

గేటు ముందు గొడవ ముఠాకు గిట్టదు. "జల్దీ కానియ్యి," అంది శోభారాణి. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, తనే ముందు చెప్పులు విడిచింది.

పళ్ళెం గిడియోన్ అందుకున్నాడు. జన్మలో ఎవరికీ బొట్టు పెట్టని చెయ్యి అది. మిగతా నాబ్‌లకు, పైనున్న కెమెరాకు కనపడకుండా, పక్క అంచున బొట్టు పెట్టాడు. దిక్కు చూపే నాబ్ మీద చుక్క ఉత్తరాన, మేడ్చల్ వైపుంది. తూర్పున, షామీర్‌పేట చెరువు వైపు, బొటనవేలంత కుంకుమ అద్దాడు. షెడ్డు నుంచి దూరం ఇంచుమించు డిపోకున్నంతే, కాబట్టి డ్రోన్లు పడేది చెరువులోనే.

నడుముకు పిస్టల్ తగిలింది.

"నీది ఏ ఊరు?" శోభారాణి గొంతు.

"తూంకుంట, మేడం."

"తూంకుంటోనివి, ముందుగాల పసుపు వెట్టాలని తెల్వదా?"

పదకొండు కావస్తోంది. కూలీలను బయటికి తరిమిన మార్కో, ఆమె పిలిచేలోపే గడియారం చూసి బటన్ నొక్కాడు. డ్రోన్లు లేచాయి. స్క్రీన్ మీద పన్నెండు గుర్తులూ తూర్పుకు తిరిగాయి. ఎవరూ అడ్డుపడకుండా, వదిలాక మార్చే వీల్లేకుండా డ్రోన్లను తయారుచేసుకున్నది వాళ్ళే. శోభారాణి చూపు స్క్రీన్ మీదికి పోయిన క్షణంలో గిడియోన్ ఆమె చెయ్యి మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు. డ్రోన్లు లేచేదాకా బయట కాచుకున్న కమాండోలు అప్పటికే గేటు దాటారు.

పండగని షామీర్‌పేట చెరువులో పడవలు లేవు. డ్రోన్లు పేలి నీళ్ళు తాటిచెట్టంత లేచి పడ్డాయి.

బేడీలు వేస్తుంటే శోభారాణి నవ్వింది. "పూజ రాని పూజారివి."

"జైపాల్‌కు ఇద్దరు పిల్లలు," అన్నాడు గిడియోన్. ఆమె ముఖాన ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు.

ఫోన్ మోగింది. "మెడల్‌కు రాస్తున్న," అన్నాడు చీఫ్. "ఏం చేసినవని రాయాలె?"

"ఏదన్న రాయుండ్రి సార్, ఆయుధపూజ చేసిన్నని మాత్రం వద్దు. మా అమ్మ ఇంక బతికే ఉంది, చదువుతది."