పెద్దముక్కు, చిన్నముక్కు

దొంగతనమే. కాకపోతే తాళం పగల్లేదు. కిటికీ ఊచ వంగలేదు. పోయిన సొత్తును కంటితో చూసినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

పోయింది వాసన. ఇద్దరికి పోయింది. ఒకే రోజు, ఒకే గదిలో.

అది సబ్బుల ఫ్యాక్టరీ. ఆ ఇద్దరి ఉద్యోగం వాసన చూడటం. కొత్తగా తయారైన ప్రతి బ్యాచినీ ముక్కు దగ్గర పెట్టుకుని బాగుందో లేదో చెప్పాలి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, వాళ్ళు తల అడ్డంగా ఊపితే గేటులోంచి లారీ కదలదు. సీనియర్‌ని ఫ్యాక్టరీ అంతా పెద్దముక్కు అంటారు. అతని కింద పనిచేసే ఆవిడ చిన్నముక్కు. ఎగతాళికి కాదు, గౌరవంగానే అంటారు.

ఆ ఉదయం పదకొండున్నరకి పక్క స్టోరులో క్లోరిన్ లీకయింది. తలుపు సందుల్లోంచి వాళ్ళిద్దరూ పనిచేసే సెంటు రూములోకి దూరింది. ఇద్దర్నీ ఆంబులెన్సులో తీసుకెళ్ళారు. ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఇంటికొచ్చాక ఇద్దరిదీ ఒకటే మాట. ముక్కుకి ఏమీ తెలియడం లేదని.

ఇద్దరికీ ఒకే కంపెనీలో డిసెబిలిటీ పాలసీ ఉంది. ఇద్దరూ క్లెయిమ్ పెట్టారు. క్లెయిమ్స్ మేనేజరు ఒకటి పాస్ చేశాడు, ఒకటి కొట్టేశాడు. కొట్టేసింది చిన్నముక్కుది.

ఆవిడ అప్పీలు చేసుకుంది. అలా ఫైలు జలగ టేబుల్ మీదికొచ్చింది.

జలగ అంటే ఆ కంపెనీ ఇన్వెస్టిగేటరు. పోలీసు డిపార్ట్‌మెంటులో పనిచేసి వచ్చినవాడు. పట్టుకుంటే వదలడు గనక ఆ పేరు. ఎదురుగా పిలిచినా ఏమీ అనుకోడు.

"ఇందులో చూడ్డానికేముందయ్యా?" అన్నాడు మేనేజరు. "ఫ్రాడ్ అని రెండు ముక్కలు రాసి పడెయ్. ఫ్యాక్టరీకి కాపీ వెళ్తుంది. మిగతాది వాళ్ళే చూసుకుంటారు."

"ఫ్రాడని ఎవరు తేల్చారు?"

"నేనే. టెస్ట్ పెట్టా. వీడియో కూడా తీయించా."

"డాక్టర్ ఉన్నాడా?"

"అమ్మోనియా సీసా మూత తీయడానికి డాక్టరెందుకు?"

మొదటి వీడియో పెద్దముక్కుది. సీసా ముక్కు కింద పెట్టారు. మనిషి రాయిలా కూర్చున్నాడు. ముఖంలో చిన్న కదలిక లేదు. సీసా తీసేశాక, "ఏంటండీ ఇవి, మంచినీళ్ళా?" అన్నాడు.

రెండోది చిన్నముక్కుది. సీసా పెట్టగానే ఆవిడ తల వెనక్కి విసిరింది. దగ్గింది. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు.

మేనేజరు అక్కడ ఆపేశాడు. "చాలా? వాసనే తెలియని మనిషి అంతెత్తున ఎగిరిపడుతుందా? ఎవరి చెవిలో పువ్వు పెడదామని?"

"ఆపకండి. పోనివ్వండి."

మిగతాది కూడా చూశాడు జలగ. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. సీసా మీదికి మళ్ళీ వంగింది. మళ్ళీ దగ్గింది. వీడియో అయిపోయింది. నిజానికి అతనికీ ఆవిడ మీదే అనుమానం కలిగింది.

మర్నాడు పది గంటలకి చిన్నముక్కు ఇంటి తలుపు తట్టాడు. రెండు గదుల వాటా. అత్తగారు తలుపు తీసింది.

"కోడలు బజారుకెళ్ళింది నాయనా. కంపెనీ ఆయనవేనా? కూర్చో." కూర్చున్నాడో లేదో మొదలుపెట్టింది. "ఆస్పత్రి బిల్లు మీరే కట్టారుగా! మళ్ళీ ఈ డబ్బులేంటి?"

"అది హెల్త్ పాలసీ అమ్మా. వైద్యానికైన ఖర్చు ఇస్తుంది, అంతే. ఇది డిసెబిలిటీ పాలసీ. పని చేయలేక జీతం ఆగిపోతే, అందులో కొంత నెలనెలా ఇస్తుంది."

"నిజంగా చేయలేకపోతేనేగా?"

"అంటే?"

పెద్దావిడ గొంతు తగ్గించింది. "నా కొడుకు పోయాక నన్ను కంటికి రెప్పలా చూసుకుంటోంది నా కోడలు. ఈ ఇంటికి సంపాదనంటే దానిదే. కాదనను. కానీ ఉల్లిపాయలు తరుగుతుంటే ధారగా కన్నీళ్ళు! వాసన లేకపోతే కన్నీళ్ళెలా వస్తాయి, నువ్వే చెప్పు."

"ఇంకా?"

"చెప్పొచ్చో లేదో… బాత్రూములో, అటక మీద, ఒక సీసా దాచింది. రోజూ తలుపేసుకుంటుంది. బయటికొచ్చేసరికి కళ్ళు చింతనిప్పులు. ఏంటే అంటే, ఏం లేదత్తయ్యా అంటుంది."

జలగ వెళ్ళి సీసా దించాడు. గచ్చు కడిగే అమ్మోనియా. సగం అయిపోయింది.

ఓహో, అనుకున్నాడు. ప్రాక్టీసన్నమాట! ఈసారి ఎగిరిపడకుండా ఉండటానికి.

అప్పుడే చిన్నముక్కు సంచీతో లోపలికొచ్చింది. అతని చేతిలో సీసా చూసి ఆవిడ ముఖం పాలిపోయింది.

"మీదేనా?"

"అవునండీ."

"దేనికి?"

"బాత్రూం కడగడానికి."

"కడిగేదాన్ని దాస్తారా?"

ఆవిడ సంచీ కింద పెట్టింది.

"రోజూ తలుపేసుకుని ఏం చేస్తున్నారు?"

ఆవిడ అత్తగారి వైపు చూసింది. అత్తగారు గోడ వైపు చూసింది.

"చెప్పనండీ."

"ఫ్రాడని రాస్తే క్లెయిమ్ ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా పోతుంది. ఇంకెక్కడా చేర్చుకోరు. తెలుసా?"

"తెలుసు. అయినా చెప్పను. క్లెయిమ్‌లో మాత్రం అబద్ధం ఆడలేదు."

ఆ మాట ఆవిడ తలెత్తి అంది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి పాలు మాడిన కంపు గుప్పుమంది. అత్తగారు "అయ్యో, నా మతి మండ!" అని పరుగెత్తింది. చిన్నముక్కు మాత్రం నిలుచున్నచోటు నుంచి కదల్లేదు. ఎందుకు పరుగెడుతోందో తెలియనట్టు చూసింది.

జలగ అది గమనించాడు. గమనించి కొట్టిపారేశాడు. నటించేవాళ్ళూ కదలరు మరి.

పెద్దముక్కు ఇంట్లో మర్యాదలు ఘనంగా జరిగాయి. మెత్తటి సోఫా, చల్లటి షర్బత్తు. ఆయన కూడా ఘనంగానే బాధపడ్డాడు.

"పూలకీ బురదకీ తేడా తెలియట్లేదు సార్. బతికుండి ఏం లాభం?"

"ఉల్లిపాయ తరిగితే?"

"ఏమీ తెలీదు. మంట కూడా లేదు. చచ్చిన ముక్కు సార్ ఇది." తర్వాత ముందుకు వంగి అన్నాడు. "ఆ అమ్మాయి సంగతి విన్నాను. పాపం, అవసరాలు అలాంటివి. మీరు మరీ కఠినంగా రాయకండి."

జాలిపడుతూనే ముద్దాయిని చేసేశాడు! జలగకి ఒళ్ళు మండింది. అయితే ఒళ్ళు మండటం సాక్ష్యం కాదు. షర్బత్తు తాగి లేచాడు.

సాయంత్రం ఐదింటికి ఈఎన్‌టీ డాక్టర్‌ని కలిశాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. డాక్టరమ్మ చెప్పిన జవాబు విన్నాడు. తిన్నగా ఆఫీసుకెళ్ళి రెండు వీడియోలూ మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి ముఖాల్ని కాదు, ఛాతీల్ని చూశాడు.

మర్నాడు ఉదయం కాన్ఫరెన్స్ రూము. ఒక పక్క పెద్దముక్కు, ఇంకో పక్క చిన్నముక్కూ ఆమె అత్తగారూ. మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు. జలగ అమ్మోనియా సీసా బల్ల మీద పెట్టాడు.

"మళ్ళీనా?" అన్నాడు పెద్దముక్కు. "నేను పాసయిపోయాగా!"

"చిన్న మార్పండీ. ఈసారి నేను సీసా పెట్టినప్పుడు మీరు ఒకటి నుంచి పదిదాకా గట్టిగా లెక్కపెట్టాలి. ఆగకుండా."

"ఎందుకు?"

"చచ్చిన ముక్కేగా. మీకేం నష్టం?"

జలగ మూత తీశాడు.

"ఒకటి… రెండు… మూ—"

అంతే. ఉక్కిరిబిక్కిరయ్యాడు. దగ్గుతెర ఆగలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు చొక్కా మీదికి కారాయి.

మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు. "అంటే ఇద్దరూ దొంగలేనా?"

"కాదు. కూర్చోండి." జలగ సీసా మూత బిగించాడు. "వాసనని మోసే నరం ఒకటి. మంటని, ఘాటుని మోసే నరం ఇంకొకటి. మొదటిది పాడైనా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. అమ్మోనియాకి ఎగిరిపడేదీ, ఉల్లిపాయకి ఏడ్చేదీ ఆ రెండో నరం వల్ల. మీ టెస్ట్‌లో నిజంగా వాసన పోయిన మనిషి ఎగిరిపడాలి. ఎగిరిపడని మనిషినే అనుమానించాలి. మీరు తలకిందులు చేశారు."

జలగ పెద్దముక్కు వీడియో మళ్ళీ వేశాడు.

"మరి వీడియోలో ఈయన రాయిలా ఎలా కూర్చున్నారు? జేబులో పెన్ను చూడండి. సీసా పెట్టకముందు ఊపిరితో పాటు లేస్తోంది, దిగుతోంది. సీసా పెట్టగానే పెన్ను ఆగిపోయింది. సీసా తీశాకే కదిలింది. ఊపిరి బిగబట్టారు. లెక్కపెట్టమంటే బిగబట్టడం కుదరదు." అతను పెద్దముక్కు వైపు తిరిగాడు. "నిన్న ఉల్లిపాయ మంట కూడా లేదన్నారు. మంట లేదని నటించాల్సిన అవసరం నిజంగా వాసన పోయినవాళ్ళకి ఉండదండీ. రేపు డాక్టర్ దగ్గర అసలు టెస్ట్. వస్తారా?"

పెద్దముక్కు నీళ్ళు నమిలాడు. "వారం రోజులు నిజంగానే తెలియలేదు సార్. తర్వాత… వచ్చేసింది. అప్పటికే క్లెయిమ్ పెట్టేశా." క్లెయిమ్ వెనక్కి తీసుకుంటానని గొణిగి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికెళ్ళిపోయాడు.

"సరే, ఈవిడకి వాసన పోయిందనే అనుకుందాం" అన్నాడు మేనేజరు. ఓడిపోవడం ఆయనకి అలవాటు లేదు. "చేతులున్నాయి, కాళ్ళున్నాయి. ప్యాకింగ్‌లో చేరొచ్చుగా?"

"ఏ పనీ చేయలేకపోతేనే ఇచ్చే పాలసీలు ఉన్నాయి. ఇది ఆ రకం కాదు. తను చేస్తున్న పని చేయలేకపోతే ఇచ్చే రకం. అందుకని ఎక్కువ ప్రీమియం కట్టించుకున్నది మనమే. ఆవిడ పని వాసన చూడటం."

మేనేజరు ఒప్పుకోక తప్పలేదు. డాక్టర్ రిపోర్టు తర్వాత జతచెయ్యమన్నాడు. ప్రింటు తీయించడానికి లేచాడు.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా నోరు పడిపోను! నిన్ను అనుమానించానే తల్లీ…"

చిన్నముక్కు అత్తగారి మాట వినడం లేదు. జలగనే చూస్తోంది.

"సార్. ఆ మంట… వాసన కాదా?"

"కాదమ్మా."

"కొంచెం కూడా?"

జలగకి అప్పుడు వెలిగింది. వీడియోలో ఆవిడ రెండోసారి సీసా మీదికి ఎందుకు వంగిందో అతను ఇంతవరకూ ఆలోచించలేదు. దొరికిపోయిన దొంగ మళ్ళీ సీసా జోలికి పోడు. ఆవిడ కావాలని వంగింది.

"తిరిగొస్తోందనుకున్నానండీ" అంది చిన్నముక్కు. "ముందు ఘాటు తెలుస్తుంది, తర్వాత మిగతావీ వస్తాయి అనుకున్నా. రోజూ చూసుకునేదాన్ని. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ తెలిసింది అనిపించేది. బాగుపడుతోందని చెప్తే క్లెయిమ్ రాదు. చెప్పకపోతే దొంగని. అందుకే నోరు మూసుకున్నా."

ఇంటరాగేషన్లలో ఎంతమందినో ఏడిపించినవాడు జలగ. ఇప్పుడు సీసాని ఆవిడ కంటికి కనపడకుండా బల్ల కింద పెట్టాడు. "కొందరికి ఆలస్యంగా వస్తుందట. డాక్టరే చెప్పింది" అన్నాడు. "వస్తే మాకు చెప్పండి. అందులో తప్పేమీ లేదు."

"కొందరికి" అంది ఆవిడ.

మేనేజరు కాగితం తెచ్చి ముందు పెట్టాడు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా. ఈ నెల నుంచే వస్తుంది."

వాసన పూర్తిగా కోల్పోయినట్టు ధ్రువీకరిస్తున్నాను అని ఉంది అందులో. ఆవిడ పెన్ను తీసుకుంది. ఆ ఒక్క లైను చాలాసేపు చదివింది.

తర్వాత ఆవిడ సంతకం పెట్టింది. పెట్టి, పెన్ను మూత పెట్టి, అత్తగారి ఒళ్ళో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.