బుచ్చవ్వ మడత

నాడికలం రెండోసారి కూడా కదల్లేదు. సంతకాలు దించే మండలి ఉద్యోగి ఓదెలు, బుచ్చవ్వ నుదుటి మీది పట్టీ సవరించి, మంచం పక్కనున్న పలకను చూశాడు. తెల్లగానే ఉంది.

ఒళ్లు కట్టెలా పడిపోయినా, చెయ్యి తలచుకున్న రాతను నరాల్లోంచి పట్టి పలక మీదికి దించుతుంది ఆ కలం. మూడుసార్లు ఒకే రాత దిగితే అది సంతకం. దిగకపోతే ఆ మనిషి చట్టం లెక్కలో ఇష్టం చెప్పలేని 'మౌని'. పన్నెండింటికి మండలి బండి వచ్చి పట్నంలోని మౌనశాలకు ఎత్తుకుపోతుంది.

"ఇంట్లనే ఉంటనని రెప్పకొట్టి చెప్తున్నది గద సారూ!" అంది బుచ్చవ్వ చెల్లెలు సత్తెవ్వ. "నాకు సమజైతది, మీ మిషన్‌కు కాదా?"

"దుమ్ము పడ్డా రెప్ప కొట్టుకుంటదవ్వా. చట్టం ఒప్పదు. పేరు రాస్తున్నట్టు తలుసుకొమ్మను."

"రాసినోళ్లు గద తలుసుకునేది! బడి మొగమే సూడలే. ఎప్పుడైనా ఏలిముద్రే."

వేలిముద్రలు చచ్చినవాళ్ల చేత కూడా వేయిస్తున్నారని ఎప్పుడో కొట్టేశారు. ఐదో తరగతిలో బడి మానిన ఓదెలుకు చురుక్కుమంది. చదువురానివాళ్లకు కూడా ఒక ఇష్టం ఉంటుందని ఈ చట్టం రాసిన మహానుభావులకు తట్టలేదు కాబోలు.

"మరి ఈమె చేతికి ఏమొచ్చు?"

"బీడీలు. నలభై ఏండ్లు చుట్టింది. బీడీ మూతి సూసి కార్ఖాన గుమాస్త పేరడగకుండనే చెప్తుండె, ఇది బుచ్చవ్వదని."

ఓదెలు మంచం మీదికి వంగాడు. "అవ్వా, పేరొద్దు. ఇంట్లనే ఉంటవంటే ఒక బీడీ చుట్టు. లేదంటే ఊకో."

కలం లేచింది.

పలక మీద గీత, బీడీ చుట్టే తునికాకులా వంపు తిరిగింది. బొటనవేలి ఒత్తిడికి గీత లావెక్కి, సన్నబడి, చుట్టుకుంది. చివర మూతి దగ్గర నాలుగు మడతలు, పిచ్చుక గింజలేరినంత వేగంగా. ఆఖరిది మాత్రం ఎడమకు మెలిక. మళ్లీ అదే. మూడోసారీ అదే, వెంట్రుకవాసి తేడా లేకుండా. పదకొండేళ్లుగా డాక్టర్ల సంతకాలు, వకీళ్ల సంతకాలు దించిన ఓదెలుకు ఒళ్లు గగుర్పొడిచింది. నాలుగు నెలలుగా కదలని ఆ చెయ్యి లోపల ఇంత పని చేస్తూనే ఉందా!

"తంబాకు తక్కువేసినవే అక్కా!" అని సత్తెవ్వ ఏడుస్తూ నవ్వింది.

పలక అడిగింది: గుర్తించని లిపి. తిరస్కరించాలా?

తిరస్కరించాలన్నది నియమం. బయట బండి హారన్ కొట్టింది. ఓదెలు 'వద్దు' నొక్కాడు.

లిపి పేరు?

'బుచ్చవ్వ మడత' అని రాశాడు.

కొత్త లిపి నమోదైంది, సంతకం చెల్లింది. తర్వాత పేర్లు దిగడం మొదలైంది. మళ్లీ పరీక్షించాల్సిన ఆ జిల్లా మౌనులు, పద్నాలుగు వేల మంది. ప్రతి పేరు పక్కనా, ఇందాక ఈ గదిలో పలక విన్న మాటే: చేతికి ఏమొచ్చు?

మొదటి పేరు గంగారాం. తొమ్మిదేళ్ల కింద, పలక తెల్లగా ఉందని ఓదెలే అతనికి మౌని ముద్ర కొట్టాడు. ఆనాడు అతని గుమ్మంలో ఆరేసిన చేపల వలను తప్పించుకుని లోపలికి వెళ్లడం ఇంకా గుర్తుంది.

"బండిని పొమ్మనవ్వా," అన్నాడు ఓదెలు. తర్వాత గంగారాం పేరు పక్కన రాశాడు: వల అల్లడం.