అమ్మ బేకరీలో జీతగాడు

పొద్దున్నే బేకరీకి వచ్చిన అతను, గల్లాపెట్టె దగ్గర తల్లి కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో చూడటానికే మాజీ భార్య, కూతురి చెయ్యి పట్టుకుని ముందే వచ్చి ఓ మూల నిలబడింది.

విడాకులయ్యాక, పిల్ల ఖర్చులకి తండ్రి ఎంతివ్వాలో అతని రాబడిని బట్టి తేలుస్తామంది కోర్టు. అతను గుట్టుచప్పుడు కాకుండా తన బేకరీని తల్లి పేరున రాసేసి, "అక్కడ నేను జీతగాణ్ణి" అని చెప్పుకొచ్చాడు. పిల్లకి దక్కింది స్కూలు వ్యానుకి కూడా చాలదు. నిన్న సాయంత్రం కోడలు వచ్చి చెప్పేదాకా, తనచేత సంతకాలు ఎందుకు పెట్టించాడో ఆ తల్లికి తెలియదు.

"లేమ్మా, నీకసలే మోకాళ్ళ నొప్పులు. నేను కూర్చుంటా."

"జీతగాడు గల్లా మీద కూర్చుంటాడట్రా? లోపలికెళ్ళి పని చూడు."

"పొద్దున్నే ఏంటమ్మా ఈ వేళాకోళం?"

"వేళాకోళం నువ్వాడావు, కోర్టులో."

బ్రెడ్డు కోసం వచ్చిన పక్క కొట్టు టైలరు కిసుక్కున నవ్వాడు. కోడలి కడుపు చల్లబడింది. అయినా ఇంకా కావాలనిపించింది.

"అత్తయ్యా, మీ పనివాడు ఏప్రన్ కట్టుకోలేదు."

అతను పళ్ళు కొరికాడు. "ఇదంతా నీ పనేనన్నమాట!"

"నాదేముందండీ? జడ్జిగారి ముందు మీరన్న మాటే."

"అమ్మా, ఇంటద్దె కట్టాలి, కారు లోను కట్టాలి. ఆ జీతంతో ఎలా బతకమంటావ్?"

"సర్దుకో. నీ కూతుర్ని సర్దుకోమన్నావుగా!"

అతను గల్లా వెనక్కి నడిచాడు. ఏప్రన్ కట్టుకుని ఓవెన్లోంచి బన్నుల ట్రే లాగాడు. ఎన్నేళ్ళుగానో పనివాళ్ళకి వదిలేసిన పని. ట్రే ఓ పక్కకి ఒరిగిపోయింది. పడాలి, అందరి ముందూ పడాలి అని కోడలు ఊపిరి బిగబట్టింది.

కూతురు చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. బల్ల మీది మందపాటి గుడ్డ లాక్కుని, దాంతో ట్రే రెండో కొస పట్టుకుంది.

"నేను పట్టుకుంటాలే నాన్నా."

అతను పిల్ల వంక చూశాడు. ముంజేతుల పైకి ఎగిసిపోయిన, కురచైన యూనిఫాం చూశాడు. తల్లి వైపు తిరిగాడు.

"ఈసారి కోర్టులో ఉన్నదున్నట్టు చెప్తానమ్మా."

"చెప్పి రా. గల్లా సంగతి అప్పుడు చూద్దాం."

ఆ మనిషి మొహాన విసరాలని కోడలు నెలల తరబడి నూరి పెట్టుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. నోరు తెరిచింది. కళ్ళకి నీళ్ళడ్డం వచ్చి ట్రే, దాన్ని మోస్తున్న నాలుగు చేతులు అలుక్కుపోయాయి.

"మెల్లిగా... కాలుతుంది ఇద్దరికీ," అంది.