మెరుపుకి ఎత్తంటే భయం

"మీ మెరుపుకి ఆకలి వేయదా?"

కొత్త రచయిత్రి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అడిగిన ప్రశ్న అది. ఆర్టిస్టుకి ఒళ్లు మండిపోయింది. ఆ కామిక్స్ ఆఫీసులో నాలుగేళ్లుగా మెరుపు బొమ్మలు గీస్తున్నది అతనే. మెరుపు గాలిలో ఎగురుతుంది, ఒంటిచేత్తో రైళ్లు ఆపుతుంది, జుట్టు మాత్రం చెదరదు. అలాంటి పిల్లకి ఆకలేమిటి?

"సూపర్ హీరోయిన్ అండీ! క్యాంటీన్ ముందు క్యూలో నిలబడదు."

"అందుకే ఎవరూ కొనడం లేదు. నొప్పి లేదు, భయం లేదు, కోపం అసలే లేదు. అలాంటి మనిషితో స్నేహం ఎవరు చేస్తారు చెప్పండి?"

మాట చేదుగా ఉన్నా నిజమే. ఈ సంచిక కూడా అమ్ముడుపోకపోతే మెరుపుని ఆపేస్తానని ఎడిటర్ తేల్చి చెప్పేశారు. మెరుపు పోతే అతనికి సగం ప్రాణం పోయినట్టే. చచ్చినట్టు ఆమె చెప్పిన దానికల్లా తలూపాడు.

ఆమె పని చేసే పద్ధతే వేరు. కుర్చీలో కూర్చుంటే ఒక్క ముక్క రాయలేదు. ప్రతి సీనూ ముందు నటించి చూడాల్సిందే. కర్టెన్ భుజాలకి కట్టుకుని గదంతా తిరిగేది. బీరువాతో యుద్ధం చేసేది, ఒక్కోసారి ఓడిపోయేది కూడా. ఆ భంగిమలు అతను గబగబా గీసుకునేవాడు. తర్వాత ఆమె ముఖం చెరిపేసి మెరుపు ముఖం పెట్టాలి. అదీ ఒప్పందం.

ఒకరోజు మేడ మీద నుంచి దూకే సీను వచ్చింది. ఆమె టేబుల్ ఎక్కింది. ఎక్కి, అక్కడే బిగుసుకుపోయింది.

"దూకండి."

"ఉండండి. నాకు ఎత్తంటే భయం."

"టేబులండీ అది!"

"ఎవరి భయం వాళ్లది. నవ్వారంటే చూడండి!"

పెదవి కొరుక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా దూకేసింది. అతనికి నవ్వు రాలేదు. ఆ పెదవీ, ఆ కన్నీళ్లూ ఉన్నవున్నట్టు గీసేశాడు.

ఆ తర్వాత జరిగిన చిత్రం ఏమిటంటే, చెరపాల్సిన ముఖం అతనికి కనిపించనే లేదు. మెరుపు ఇలాగే ఉండాలి అనిపించింది, అంతే. పేజీలన్నీ అలాగే ప్రెస్సుకి వెళ్లిపోయాయి.

సంచిక వచ్చిన మర్నాడు కుండపోత వాన. గొడుగు ముయ్యకుండానే లోపలికి దూసుకొచ్చింది రచయిత్రి.

"నా ముఖం ఎవర్నడిగి అచ్చేశారు? ఊరందరికీ నా ఏడుపు చూపిస్తారా?"

అతను పుస్తకం తెరిచాడు. ఆ ముక్కు ఆమెదే, ఆ పెదవీ ఆమెదే. పుస్తకం మూసేశాడు.

"పొరపాటే. క్షమించండి. నేను..."

ఫోను మోగింది. పక్కనే ఉంది కాబట్టి విసురుగా ఆమే ఎత్తింది. అవతల ఓ చిన్న గొంతు.

"మెరుపు ఉందా అండీ?"

"...ఎందుకమ్మా?"

"నాకు స్విమ్మింగ్ పూల్‌లో దూకాలంటే భయం. మెరుపుకీ భయమే కదా, అయినా దూకింది. నిన్న సాయంత్రం నేనూ దూకేశా. చెప్దామని!"

రచయిత్రి గొడుగు కింద పెట్టింది. "తప్పకుండా చెప్తా తల్లీ," అంది. ఆ గొంతులో ఇందాకటి కోపం లేదు.

"పొద్దున్నించీ ఇవే ఫోన్లు!" పక్క గదిలోంచి ఎడిటర్ కేక వేశారు. "మన మెరుపు బతికిపోయింది!"

ఆర్టిస్టుకి సంతోషించడానికి కూడా ధైర్యం చాలలేదు.

"నాలుగేళ్లు గీశాను," అన్నాడు మెల్లగా. "మెరుపంటే గర్వమే గానీ ప్రేమ లేదు. ఈసారి ప్రేమ పుట్టింది."

"మెరుపు మీదా?"

"టేబుల్ మీద నుంచి దూకిన మనిషి మీద."

అంతలో ఆమె సెల్‌ఫోన్ మోగింది. అమ్మ. ఆవిడ గొంతుకి స్పీకర్ అక్కర్లేదు.

"ఏమే, ఆ పుస్తకంలో ఉన్నది నువ్వే కదూ?"

"అవునమ్మా. ఆ గీసినాయన్నే ఇప్పుడు కడిగేస్తున్నా."

"కడగడం తర్వాత. ముందు ఆ అబ్బాయిని ఇంటికి తీసుకురా. కన్నతల్లిని, నాకే నీ ఏడుపు మొహం అంత ముద్దుగా ఎప్పుడూ కనపడలేదు!"

ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి. ఎవరిది ఎక్కువో చెప్పడం కష్టం.

"ఆదివారం రండి," అంది చివరికి, కిటికీలోంచి వాన కేసి చూస్తూ. "కానీ పెన్సిలు తేవద్దు. ఊరికే చూడండి, చాలు."